పురమూ పోలీసూ

ధనుర్మాసంలో రేపల్లె వెళ్తే మా బాబాయి కుంపటి దగ్గర కూర్చోక తప్పదు. కూర్చున్నామా, భాషాశాస్త్రం వినకా తప్పదు. ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు గానీ, మనసు మాత్రం ఎప్పుడూ శబ్దాల పుట్టుక మీదే. కాస్పియన్ సముద్రం కశ్యపుడిది. అమెరికా అమరుల దేశం. పిన్ని కుంపట్లో చిలగడదుంపలు తిప్పుతూ, "మీ బాబాయి చేతికి అట్లాసు ఇవ్వకురా, తెల్లారేసరికి అన్ని దేశాలకీ బారసాల చేసేస్తాడు" అంటుంది.

మీరు నవ్వుతున్నారు గానీ, ఈ జబ్బు మనందరికీ ఉందండీ. బస్సులో కూర్చుని బోర్డు మీద ఊరి పేరు చదవగానే దాన్ని విరిచి చూడని తెలుగువాడు ఎవడైనా ఉన్నాడా? వేమూరు కనిపిస్తే వేము చెట్టు కనిపిస్తుంది, గుంటూరు కనిపిస్తే గుంట కనిపిస్తుంది. ఆ రెండూ సబబే. చిక్కల్లా మూడో ఊరి దగ్గర మొదలవుతుంది.

అలా వెళ్ళిన ఓ రాత్రి పేచీ రేపల్లె మీదే వచ్చింది. "ఒరే అబ్బాయ్, ఇది వ్రేపల్లె. కృష్ణుడు పెరిగిన ఊరు. పోతనగారు భాగవతంలో గోకులాన్ని ఏమన్నాడు? వ్రేపల్లె అన్నాడు. ఇంక మాట్లాడకు" అన్నాడు బాబాయి.

కొట్టిపారేయడానికి లేదు. వ్రేతలంటే గొల్లపడుచులు, వ్రేపల్లె అంటే గొల్లపల్లె. పాత తెలుగులో మాట మొదట్లో జంటగా ఉండే అక్షరాలు తర్వాతి కాలంలో సడలిపోయాయి. క్రొత్త కొత్త అయింది, ప్రొద్దు పొద్దు అయింది, మ్రాను మాను అయింది, వ్రాత రాత అయింది. వ్రాత రాత అయినప్పుడు వ్రేపల్లె రేపల్లె కావడానికి అడ్డేముంది? కృష్ణానది సముద్రంలో కలిసేచోటుకి దగ్గర కాబట్టి రేవుపల్లె అనేవాళ్ళూ ఉన్నారు. అదీ బాగానే ఉంది. అయితే గొల్లలు ఉన్న ప్రతి పల్లే వ్రేపల్లె కావచ్చు. అందులో కృష్ణుడు ఉండి తీరాలన్న నియమం లేదు. ఈ మాట అనగానే బాబాయి నా చిలగడదుంప తన పళ్ళెంలోకి లాక్కున్నాడు.

"పోనీ, గోకులం సంగతి చెప్పనా?" అన్నాను దుంప మీద ఆశతో. గోవు అనే సంస్కృత పదానికీ ఇంగ్లీషువాడి కౌకీ రక్తసంబంధం ఉంది. పారశీకంలో అది గావ్. మన ఆవు మాత్రం ఆ కుటుంబంలోది కాదు. పాత తమిళంలో ఆవుని ఆ అనేవారు, మన ఆవు అటు చుట్టం. పాలిచ్చేది ఒకటే జంతువు, కానీ మనం పెరట్లో ఒక భాషలో పిలుస్తాం, పూజలో ఇంకో భాషలో పిలుస్తాం.

అసలు కథ ఇక్కడే ఉంది. మాటల్లో పోలిక వేరు, చుట్టరికం వేరు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన గోత్రం కలవాలని లేదు కదా. గోత్రం కలిసినవాళ్ళ ఇంటిపేర్లు బొత్తిగా వేరుగా ఉండొచ్చు కూడా. మాటలూ అంతే.

నీళ్ళే తీసుకోండి. ఇవాళ ఏథెన్సు వెళ్ళి హోటల్లో "నీరు" అన్నారనుకోండి, గ్లాసు తెచ్చి పెడతాడు. గ్రీకులో మంచినీళ్ళని నెరో అంటారు. మా బాబాయికి ఈ సంగతి తెలిసిన రోజున గ్రీసు దేశం మన తాలూకాలో కలిసిపోయేదే. కానీ ఆ నెరో పూర్వం నేఆరోన్ హుదోర్, అంటే తాజా నీళ్ళు. వాడుకలో 'నీళ్ళు' రాలిపోయి 'తాజా' మిగిలింది. ఆ తాజాకి చుట్టాలు సంస్కృతంలో నవ, ఇంగ్లీషులో న్యూ. మన నీరు ద్రావిడం. సంస్కృతం కూడా నీరాన్ని ఇటునుంచే పట్టుకెళ్ళింది. చూడ్డానికి కవలపిల్లల్లా ఉన్న నీరు, నెరో ఒకదానికొకటి ఏమీ కావు.

రాలిపోయిన ఆ హుదోర్ ఉంది చూశారూ, అదీ అసలు చుట్టం. గ్రీకు హుదోర్, సంస్కృత ఉదకం, ఇంగ్లీషు వాటర్, రష్యా వాళ్ళ వోదా, అన్నీ ఒకే తల్లి పిల్లలు. వోదాకి ముద్దుపేరు వోడ్కా. ఉదకశాంతికీ వోడ్కాకీ బంధుత్వం ఉందని చెబితే బాబాయి చెవులు మూసుకున్నాడు. పిన్ని మాత్రం "అందుకేనేమో కొందరు రోజూ శాంతి చేసుకుంటారు" అంది.

ఇంకో జంట చెబుతాను, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టం. మన డెల్టా రైతుని ఏడిపించే జంతువేది? పందికొక్కు. గట్లు తవ్వేసి, కుప్పల్లో గింజ మాయం చేస్తుంది. తెల్లవాళ్ళు ఆ పేరు విని బాండికూట్ అని రాసుకున్నారు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో పొట్టకి సంచీ ఉన్న ఏదో జంతువు కనిపిస్తే దానికీ అదే పేరు పెట్టారు. ఇవాళ ఇంగ్లీషు నిఘంటువులో తెలుగు నుంచి వచ్చిన మాటగా అది దర్జాగా కూర్చుని ఉంది. ఇది వలస. చుట్టరికం కాదు, ప్రయాణం. ఇటు వినాయకుడి వాహనం మూషికం ఉంది. లాటిన్‌లో ముస్, పారశీకంలో మూష్, ఇంగ్లీషులో మౌస్. ఎవరూ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. అందరూ ఒకే తాతగారి ఇంట్లోంచి తలో సామానూ పట్టుకుని విడిపోయినవాళ్ళు. మీ కంప్యూటరు పక్కన ఉండే మౌసు వరసకి మూషికమే అవుతుంది. పందికొక్కు మాత్రం పాస్‌పోర్టు తీసుకుని వెళ్ళిన మన తెలుగువాడు.

మరి వలసకీ వారసత్వానికీ, ఈ రెండిటికీ కాకతాళీయానికీ తేడా ఎలా కనిపెడతారు? ఒక మాట చూసి చెప్పలేరు, వరస చూడాలి. సంస్కృతంలో మాట మొదట ప ఉన్నచోట ఇంగ్లీషులో ఫ కనిపిస్తుంది. పితృ ఫాదర్, పాదం ఫుట్, పూర్ణం ఫుల్. పశువుకి జోడీ ఏమిటో తెలుసా? ఫీజు. ఆశ్చర్యపోకండి, పాత ఇంగ్లీషులో ఆ మూలం నుంచి వచ్చిన మాటకి పశువులు అనీ, సొమ్ము అనీ అర్థం. కాన్వెంటుకి కట్టే డబ్బు ఒకప్పుడు నాలుగు కాళ్ళ మీద నడిచేదన్నమాట. ఇలా పది, ఇరవై, వంద మాటలు ఒకే వరసలో నడిస్తే అది చుట్టరికం.

మన ఇంట్లోనూ ఇలాంటి వరసలున్నాయి. మన ప కన్నడంలో హ అవుతుంది. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు. వాళ్ళ కివి మన చెవి, వాళ్ళ కెరె మన చెరువు, వాళ్ళ కై మన చెయ్యి. బెంగుళూరు వెళ్ళిన మన పిల్లలు భాష నేర్చుకోవడం కష్టమంటారు గానీ, ఈ రెండు తాళంచెవులూ ఇస్తే సగం గదులు తెరుచుకుంటాయి.

ఈ విద్యకి పుట్టినరోజులాంటిది 1786 ఫిబ్రవరి. కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ అనే జడ్జిగారు సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలనీ, ఆ మూలభాష ఇప్పుడు లేకపోయి ఉండవచ్చుననీ అన్నాడు. ముప్ఫై ఏళ్ళకి, 1816లో, ఫ్రాంజ్ బాప్ అనే జర్మన్ పండితుడు క్రియల రూపాలన్నీ పక్కపక్కన పెట్టి ఆ మాటని నిరూపించాడు. అదే 1816లో మద్రాసులో మన పుస్తకం ఒకటి వచ్చింది. కేంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం అది. దాని ముందుమాటకి ఎల్లిస్ అనే మద్రాసు కలెక్టరు ఒక వివరణ రాశాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబం అని ధాతువులు వరసగా పెట్టి చూపించాడు. అందులో ఆయనకి చేదోడుగా నిలిచినవి ఏవనుకున్నారు? పట్టాభిరామశాస్త్రిగారి ధాతువుల పట్టిక, మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక. వెంకయ్యగారిది బందరు. మా రేపల్లె నుంచి కృష్ణ దాటితే అటువైపే. కాల్డ్వెల్ ద్రావిడ భాషల పుస్తకం రాయడానికి ఇంకా నలభై ఏళ్ళు పట్టింది, అది 1856. పేరంతా కాల్డ్వెల్‌కే వచ్చింది. బందరు వ్యాపారి నిఘంటువుని తలుచుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారు చెప్పండి.

ఇక అసలు పేచీకి వస్తాను. బాబాయి ఆ రాత్రి వేసిన బాణం ఇది. "డచ్చివాళ్ళు మన నిజాంపట్నాన్ని పెటపోలి అని రాశారు, అవునా? గ్రీకులో పట్నాన్ని పోలిస్ అంటారు, అవునా? మరి గ్రీకులు నిజాంపట్నం రాలేదని ఎలా అంటావు?"

నిజాంపట్నం మా రేపల్లెకి దిగువన సముద్రపు రేవు. 1606లో డచ్చివాళ్ళు అక్కడ కోఠీ పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్ళ గ్లోబు అనే ఓడ అక్కడికి వచ్చి, కొందరిని దించి బందరు వెళ్ళింది. వాళ్ళ చిట్టాల్లో పెటపోలి అని ఉన్నమాట నిజమే. కానీ ఆ పోలి గ్రీకు కాదు, మన పల్లి. ఊరి పాతపేరు పెద్దపల్లి. తెల్లవాళ్ళ నోట్లో పడ్డ పల్లి పోలి అయింది. తిరుచిరాపల్లిని ట్రిచినోపోలి చేసింది కూడా వాళ్ళే కదా.

ఈ పల్లె అచ్చ ద్రావిడం. కన్నడంలో హళ్ళి. తమిళంలో బడిని పళ్ళిక్కూడం అంటారు. మలయాళంలో మసీదూ పళ్ళే, చర్చీ పళ్ళే. నలుగురు చేరే చోటల్లా పల్లె అనుకోండి. సంస్కృతం కూడా దీన్ని పల్లీ అని తీసుకుంది.

అయితే గ్రీకు పోలిస్‌కి చుట్టం మన దగ్గర లేదా అంటే, ఉంది. కానీ పల్లి కాదు, పురం! వేదంలో పుర్ అంటే కోట. లిథువేనియా వాళ్ళకి పిలిస్ అంటే కోట. గ్రీకు పోలిస్ మొదట కోట, తర్వాత నగరం. మూడూ ఒకే మాట. చెవికి అచ్చం ఒకేలా వినిపించే పోలి, పోలిస్ పరాయివి. ఎక్కడా పొంతన లేనట్టు కనిపించే పురం, పోలిస్ అన్నదమ్ములు. ఆ పోలిస్ నుంచే నగరపాలన అనే అర్థంలో లాటిన్ పొలితియా, దాన్నుంచి ఫ్రెంచి పోలీసు, ఆనక ఇంగ్లీషు గుండా మన స్టేషనుకి పోలీసు వచ్చాడు. మినియాపోలిస్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడూ, సింగపూరులో ఉన్న వాడి బావమరిదీ ఇద్దరూ పురవాసులే. సింగపూరు అంటే సింహపురం. మన నెల్లూరు పాతపేరు విక్రమసింహపురి అని గుర్తుందిగా, ఆ లెక్కన రెండు సింహపురాలున్నాయి.

"అంటే బాపట్లకి కూడా పోలీసు ఉన్నాడన్నమాట" అంది పిన్ని. ఆవిడ పుట్టిల్లు బాపట్ల. నవ్వులాటకే అంది గానీ, సరిగ్గా అంది.

బాపట్లకి పండితుల నోట పేరు భావపురి. ఊళ్ళో ఉన్న భావనారాయణస్వామి వల్ల వచ్చిన పేరు. పక్కన పొన్నూరులోనూ భావనారాయణుడే ఉన్నాడు. ఈ భావపురిలో రెండు ముక్కలకీ దేశాంతరాల్లో బంధువులున్నారు. పురి సంగతి చెప్పాను. భావ అనేది భూ అనే ధాతువు నుంచి వచ్చింది, ఉండడం, అవడం అని అర్థం. ఇంగ్లీషువాడి బీ దానికి చుట్టం, లాటిన్ నుంచి వచ్చిన ఫ్యూచరు చుట్టం, గ్రీకు నుంచి వచ్చిన ఫిజిక్సు చుట్టం. అంటే బాపట్ల కాలేజీలో ఫిజిక్సు పాఠం చెప్పే లెక్చరరుగారు తెలియకుండానే ఊరి పేరు చెబుతున్నాడు.

ఇంత గొప్ప పేరునీ మన నోరు ఏం చేసిందో చూడండి. ఒత్తు పలకడం మనకి బరువు. భాష బాస అయింది, భాగ్యం బాగ్గెం అయింది. భావ కూడా అలాగే బా అయిపోయింది. పట్ల అన్న తోక మాత్రం నాకు తెలుగుగానే వినిపిస్తుంది. ఉనికిపట్టు, ఆయువుపట్టు అన్నప్పుడు ఉండే పట్టు, అంటే చోటు. ఇది నా ఊహే, బాబాయి జబ్బు నాకూ కొంచెం అంటింది. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ ఆ ఊళ్ళోనే జరిగింది, తెలుగువాళ్ళకి ప్రత్యేక రాష్ట్రం మాట అక్కడ చర్చకి వచ్చింది. సంస్కృతం తల, తెలుగు తోక ఉన్న ఊరు అందుకు తగినదే.

మర్నాడు పొద్దున్న తెనాలి బండి ఎక్కాలి. ఈ రేపల్లె రైలు 1916 నుంచీ నడుస్తోంది. రేపల్లె ఆఖరి స్టేషను, దాని తర్వాత పట్టాలు లేవు. బండి కదిలాక కాసేపటికి భట్టిప్రోలు వస్తుంది. మంచులో స్తూపం దిబ్బ కనబడదు గానీ, నేనెప్పుడూ అటే చూస్తాను.

1892లో అలెగ్జాండర్ రీ ఆ దిబ్బ తవ్వితే రాతి భరిణెలు బయటపడ్డాయి. అవి క్రీస్తుకి పూర్వం నాటివి. వాటిమీద రాత బ్రాహ్మీలాంటిదే గానీ కొన్ని అక్షరాలు సొంత పోకడ పోయాయి. బ్యూలర్ అనే జర్మన్ పండితుడు వాటిని చదివాడు. భాష ప్రాకృతం. అందులో కుర అనే అతని తండ్రీ, తల్లీ, అతనూ, ఇంకొకరూ కలిసి బుద్ధుడి ధాతువులుంచడానికి పెట్టె చేయించామని రాయించుకున్నారు. కుర తండ్రి అనడానికి 'పితు', తల్లి అనడానికి 'మాతు' అన్న మాటలున్నాయి. లాటిన్ పాతెర్, మాతెర్, ఇంగ్లీషు ఫాదర్, మదర్, అన్నీ మన భట్టిప్రోలు రాతి మూత మీద రెండు మాటల్లో ఉన్నాయి. పెట్టెకి వాడిన మాట మజుస, అంటే మంజూష. దాని వికృతి మందసం. మా నాయనమ్మ ఇత్తడి సామాను దాచే మందసం ఆ భరిణెకి మనవరాలు. నేను ఊళ్ళ పేర్ల వేటలో తిరిగిన తిరుగుడంతా ఒక ఎత్తు, ఆ 'పితు, మాతు' ఒక ఎత్తు. ఎవరో ఒక కొడుకు అమ్మానాన్నల పేర్లు రాయకుండా, నాకు అమ్మానాన్నలైనవాళ్ళు అని మాత్రం రాయించాడు. రెండు వేల ఏళ్ళు దాటినా ఆ రెండు మాటలకీ అర్థం చెప్పడానికి లండన్లో పిల్లవాడికైనా కష్టం లేదు.

ఇక భట్టిప్రోలులో ప్రోలు. మా తెలుగు మాస్టారు పురానికి ప్రోలు వికృతి అని రాయించారు. తెనాలి దాటి గుంటూరు వైపు చేబ్రోలు ఉంది. చెం అంటే ఎరుపు, చెంగలువలో ఉన్న చెం. ఎర్ర ప్రోలు. సంస్కృతంలో దాన్ని తామ్రపురి అన్నారు, రాగిరంగు పురం. తెలుగు పేరుని పండితులు తర్జుమా చేసుకున్నారని అందరమూ అనుకుంటూ ఉండేవాళ్ళం. గుంటూరు గర్తపురి అయినట్టే ఇదీ అనుకున్నాం. 2019లో అక్కడ సాతవాహన రాజు విజయుడి శాసనం ఒకటి బయటపడింది. క్రీ.శ. 207 నాటిది. దక్షిణ దేశంలో ఇప్పటిదాకా దొరికిన సంస్కృత శాసనాల్లో మొదటిది అని పురావస్తు శాఖ ప్రకటించింది. అందులో ఊరి పేరు తంబ్రాపె! అంటే రాగి ఆనాటికే ఉంది. ఇప్పుడు ఎవరు ఎవరికి తర్జుమా? ఎర్ర నేల ముందా, తామ్రం ముందా? ఊరి పేరు విరిచే ముందు శాసనం చూడమని పెద్దలు ఊరికే చెప్పరు. నాగార్జున విశ్వవిద్యాలయంలో యార్లగడ్డ బాలగంగాధరరావుగారు, కడప జిల్లా ఊర్ల పేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డిగారు చేసిన పనంతా ఇలా చూడడమే.

చూడకపోతే ఏమవుతుందో తెనాలి చెబుతుంది. బండిలో నా ఎదురు సీట్లో కూర్చున్న పెద్దాయన పక్కన మనవడికి చెబుతున్నాడు. "మన ఊళ్ళో మూడు కాలవలున్నాయి చూశావూ, మూడు నాలాలు, త్రినాలి. అదే తెనాలి అయింది." చక్కగా ఉంది, వినసొంపుగా ఉంది. నేనూ చిన్నప్పుడు నమ్మాను. ఆ కాలవలన్నీ బెజవాడ ఆనకట్ట తర్వాత వచ్చినవి. ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. తెనాలి రామకృష్ణుడు 16వ శతాబ్దం వాడు. కాలవలు రాకముందు మూడొందల ఏళ్ళ కిందటే ఆ కవి ఇంటిపేరులో తెనాలి ఉంది. కాలవ వచ్చి పేరు పెట్టలేదు, పేరున్న ఊళ్ళోకి కాలవ వచ్చింది. పెద్దాయనకి చెబుదామా అనుకున్నాను. మనవడు వేళ్ళ మీద కాలవలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఊరుకున్నాను. పైగా తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారని కూడా చెప్పాడాయన. ఆ ప్యారిస్‌కి అక్కడ పూర్వం ఉన్న పరీసీ అనే తెగవల్ల ఆ పేరు వచ్చింది. ఫ్రాన్సులో ఏ తాతగారు మనవడికి దాన్ని ఎలా విరిచి చెబుతున్నాడో!

ఇంతకీ అసలు సంగతి మరిచాను. పొద్దున్న రేపల్లె స్టేషన్లో బాబాయి నన్ను బండెక్కించడానికి వచ్చాడు, మంకీ క్యాప్ పెట్టుకుని. రాత్రంతా నిద్రపోలేదట. గార్డు పచ్చజెండా ఊపాడు. బండి కదిలాక కిటికీ పట్టుకుని రెండడుగులు నడిచి అన్నాడు:

"ఒరే అబ్బాయ్, అన్నీ చెప్పావు గానీ, మన పొలిమేరలో పోలి ఉంది కదరా! పోలిస్ మేర, పట్నానికి హద్దు! దానికేం చెబుతావు?"

"అది పొలం, బాబాయ్! పొలం మేర!" అని అరిచాను.

వినిపించలేదు. చెవి మీద టోపీ ఉంది. గెలిచానన్నట్టు చెయ్యి ఊపుతూ అక్కడే నిలబడ్డాడు.